మీ బాల్కనీలో పావురాలున్నాయా?

సంక్రాంతికి విజయవాడ వెళ్లేసరికి నాన్న మంచం మీద ఉన్నారు. జ్వరం, ఒళ్లునొప్పులు, తల పగిలిపోయేంత నొప్పి, పొడిదగ్గు. దగ్గర్లోని క్లినిక్‌లో చూపిస్తే వైరల్ అన్నారట. ఐదు రోజులకి యాంటీబయాటిక్ రాసిచ్చారు. కోర్సు అయిపోయింది, జ్వరం మాత్రం పోలేదు. కనుమ నాడు ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తిలో ఒక పక్క తెల్లటి మచ్చ. న్యుమోనియా.

ఆ డాక్టర్ ఫిల్మ్ పక్కన పెట్టి ఒక ప్రశ్న అడిగారు. "ఇంట్లో పక్షులేమైనా పెంచుతున్నారా? పావురాలు గానీ, చిలకలు గానీ?"

పెంచడం లేదు సార్ అని నేను చెప్పేలోపే అమ్మ అందుకుంది. "పెంచడం ఏంటండీ, ఈయన ఊళ్లో పావురాలన్నిటికీ అన్నదానం చేస్తున్నారు!"

నిజమే. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాన్న పొద్దున్నే డాబా మీదకెళ్లి జొన్నలు, నూకలు చల్లుతారు. వంద పావురాలు దాకా దిగుతాయి. అవి వెళ్లాక చీపురు పట్టుకుని ఎండిన రెట్టంతా ఆయనే ఊడుస్తారు. డాక్టర్ విని తలూపి మందు మార్చారు. డాక్సీసైక్లిన్. మూడో రోజుకి జ్వరం దిగింది.

ఇది ఫలానా జబ్బే అని రుజువేమీ లేదు. ఆ టెస్ట్ చేయించలేదు. ఆ మందు వేరే రకం న్యుమోనియాలకీ, స్క్రబ్ టైఫస్‌కీ కూడా పనిచేస్తుంది. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మొదటి డాక్టర్ ఎందుకు అడగలేదు, రెండో డాక్టర్ ఎందుకు అడిగారు? హైదరాబాద్ తిరిగొచ్చాక రాత్రుళ్లు కూర్చుని చదివిందే ఈ వారం మీతో పంచుకుంటున్నా.

చిలక జ్వరం కథ

డాక్టర్ అనుమానించిన జబ్బు పేరు సిట్టకోసిస్. గ్రీకులో సిట్టకోస్ అంటే చిలక. మనం చిలక జ్వరం అనుకుందాం. క్లమిడియా సిట్టసీ అనే బ్యాక్టీరియా దీనికి కారణం. చిలకలు, పావురాలు, బాతులు, టర్కీ కోళ్లు, ఇంకా చాలా రకాల పక్షుల్లో ఉంటుంది. రెట్టలోంచి, ముక్కు స్రావాల్లోంచి బయటికొస్తుంది. ఎండిన రెట్ట దుమ్ముగా లేచినప్పుడు మనం పీల్చుకుంటే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు.

1929 క్రిస్మస్‌కి అమెరికాలో చిలకల్ని బహుమతులుగా ఇచ్చుకునే ఫ్యాషన్ ఉండేది. లాటిన్ అమెరికా నుంచి ఓడల్లో, బోనుల్లో కుక్కి తెచ్చేవాళ్లు. 1930 జనవరికల్లా మేరీలాండ్‌లోని అనాపొలిస్‌లో ఒక కుటుంబంలో కొందరు న్యుమోనియాతో పడిపోయారు. ఇంట్లో చిలక అప్పటికే చచ్చిపోయింది. వాషింగ్టన్‌లోని ప్రభుత్వ హైజీనిక్ ల్యాబొరేటరీలో చార్లెస్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే సైంటిస్ట్ ఆ చిలకల మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన అసిస్టెంట్ ఆ జబ్బుతోనే చనిపోయాడు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కీ సోకింది, కానీ బతికాడు. చివరికి ల్యాబ్ డైరెక్టర్ జార్జ్ మెకాయ్ తానే లోపలికెళ్లి ప్రయోగాల పక్షులన్నిటినీ చంపి, బిల్డింగ్‌ని పొగబెట్టించాడు. ఆ ల్యాబే అదే ఏడాది నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ అయింది.

అసలు మలుపు ఆస్ట్రేలియాలో వచ్చింది. అక్కడ మెక్‌ఫర్లేన్ బర్నెట్ అనే డాక్టర్, తర్వాత 1960లో నోబెల్ అందుకున్నాయనే, 1930ల్లో అడవి చిలకల్ని పరీక్షించాడు. పెంపుడువి కాదు, స్వేచ్ఛగా ఎగిరేవి. వాటిలోనూ ఈ క్రిమి ఉంది. కానీ అడవిలో పెద్దగా జబ్బు చేయడం లేదు. పట్టి, బోనుల్లో కుక్కి, తిండి సరిగా పెట్టకుండా వారాల తరబడి ప్రయాణం చేయిస్తే మాత్రం అణగి ఉన్న క్రిమి తిరగబడుతోంది. పక్షి జబ్బుపడి క్రిమిని విపరీతంగా బయటికి వదులుతోంది.

నాకు ఇక్కడ నాన్న డాబా గుర్తొచ్చింది. చెట్టుకొకటీ గుడికొకటీ ఉండాల్సిన పావురాల్ని, రోజూ ఒకే చోట, ఒకే టైముకి, ఒకదాని రెట్ట మీద ఇంకొకటి తినేలా వంద పోగేశాం. బోను లేదు, అంతే తేడా.

అసలు ఎలా కనిపెడతారు?

నా ఉద్యోగంలో సగం పని మానిటరింగే. సర్వర్ పడిపోయాక పరిగెత్తడం కంటే, మెమరీ మెల్లగా నిండుతోందని ముందే అలర్ట్ రావడం మేలు. అలర్ట్ లేని సిస్టమ్‌లో మొదటి అలర్ట్ కస్టమర్ ఫోన్ కాలే. పక్షుల జబ్బుల విషయంలో ఆ కస్టమర్ హాస్పిటల్ బెడ్ మీదుండే పేషెంట్ అన్నమాట.

అడవి పక్షుల మీద నిఘా రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, చచ్చిన పక్షి ఎక్కడ కనిపించినా రిపోర్ట్ తీసుకుని, పోస్ట్‌మార్టం చేయడం. బ్రిటన్‌లో 2013 నుంచి గార్డెన్ వైల్డ్‌లైఫ్ హెల్త్ అనే ప్రాజెక్ట్ నడుస్తోంది. తమ తోటలో పిట్ట చనిపోయినా, డల్‌గా కూర్చున్నా మామూలు జనమే ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేస్తారు. అవసరమైతే పశువైద్యులు దాన్ని తెప్పించుకుని పరీక్షిస్తారు.

రెండోది, బతికున్న పక్షుల్ని సన్నటి వలలతో జాగ్రత్తగా పట్టి, గొంతులోంచి, రెట్ట వచ్చే దారిలోంచి దూదిపుల్లతో శాంపిల్ తీసి, కాలికి రింగ్ వేసి వదిలేయడం. కోవిడ్ టైంలో మన ముక్కులో పెట్టిన స్వాబ్ లాంటిదే. నేల మీద పడిన తాజా రెట్టనీ సేకరిస్తారు. ల్యాబ్‌లో పీసీఆర్ చేస్తే క్రిమి ఉందో లేదో తేలుతుంది. జీనోమ్ మొత్తం చదివితే ఆ క్రిమి ఏ కుటుంబానిది, పేషెంట్‌లో దొరికిన దానికి ఎంత దగ్గర చుట్టం అన్నది కూడా తెలుస్తుంది. మాకు గిట్‌లో రెండు బ్రాంచ్‌లు ఎక్కడ విడిపోయాయో చూసుకోవడం అలవాటే కదా, దాదాపు అలాంటి పనే.

ఇది ఎందుకు అవసరమో మూడు సంఘటనలు చెప్తా.

2002లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పడమట ఉన్న బ్లూ మౌంటెన్స్‌లో ఉన్నట్టుండి న్యుమోనియా కేసులు పెరిగాయి. చిలక జ్వరమని అనుమానం. విచారిస్తే, ఎక్కువ రిస్క్ ఎవరికంటే, కోసిన గడ్డి పట్టే సంచి తగిలించకుండా మెషీన్‌తో లాన్ కోసినవాళ్లకి. అక్కడి తోటల్లో అడవి చిలకలు తిరుగుతాయి. గడ్డిలో ఎండిన రెట్ట మెషీన్ దెబ్బకి దుమ్మై లేచింది. పక్షిని ముట్టుకోకుండానే, ఆదివారం గడ్డి కోసుకుంటూ జబ్బు తెచ్చుకున్నారు.

2008లో అలాస్కాలో చాలామందికి క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాతో విరేచనాలు, కడుపునొప్పి. అందరూ తిన్నది పచ్చి బఠాణీలు. ఆ పొలంలో వలస వచ్చిన శాండ్‌హిల్ క్రేన్లు, అంటే పొడుగుకాళ్ల కొంగల్లాంటి పక్షులు, మేసేవి. వాటి రెట్టలో, బఠాణీల మీద, పేషెంట్లలో దొరికిన క్రిముల్ని పోల్చి చూస్తే మ్యాచ్ అయ్యాయి. పక్షుల శాంపిల్ తీయకపోయుంటే ఎవరో హోటల్ మీదకి నింద పోయేది.

మూడోది అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది కళ్లారా చూసుంటారు. 2020-21 చలికాలంలో కెనడా అడవుల్లో గింజలు సరిగా కాయక, పైన్ సిస్కిన్ అనే పిచ్చుకంత పిట్టలు గుంపులుగా దక్షిణానికి వచ్చేశాయి. పెరట్లో వేలాడదీసిన ఫీడర్ల దగ్గర ఎగబడ్డాయి. సాల్మొనెల్లాతో ఫీడర్ల కిందే రాలిపోయాయి. ముందు పక్షుల చావులు రిపోర్ట్ అయ్యాయి, ఆ తర్వాత మనుషుల కేసులు బయటపడ్డాయి. 12 రాష్ట్రాల్లో 29 మందికి సోకిందని, 14 మంది హాస్పిటల్‌లో చేరారని అక్కడి సీడీసీ లెక్క తేల్చింది. చనిపోయిన వాళ్లు లేరు. జబ్బు పిట్టలు కనిపిస్తే రెండు వారాలు ఫీడర్లు తీసేయండి, కడగండి అని సలహా ఇచ్చారు. గుంపు చెదిరితే అంటుకోవడం తగ్గుతుంది. అంత సింపుల్.

వెతికితేనే కనిపిస్తుంది

2023 చివర్లో, 2024 మొదట్లో యూరప్‌లో చిలక జ్వరం కేసులు మామూలు కంటే పెరిగాయి. ఆస్ట్రియా, డెన్మార్క్, జర్మనీ, స్వీడన్, నెదర్లాండ్స్. ఐదుగురు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్చిలో చెప్పింది. చాలా కేసుల్లో అడవి పక్షులతోనో పెంపుడు పక్షులతోనో సంబంధం కనిపించింది. డెన్మార్క్‌లో కొందరికి ఉన్న ఏకైక లింకు, పిట్టలకి గింజలు వేసే ఫీడర్.

అదే రిపోర్టులో ఇంకో సంగతి ఉంది. కేసులు పెరగడానికి ఒక కారణం, పీసీఆర్ లాంటి మెరుగైన పరీక్షలు వాడుకలోకి రావడం కూడా కావొచ్చని. అంటే ఇన్నాళ్లూ ఉన్నవే ఇప్పుడు కనబడుతూ ఉండొచ్చు. న్యుమోనియా వచ్చిన ప్రతివాళ్లకీ ఈ పరీక్ష చేయరు. చేయకపోతే అది "ఏదో న్యుమోనియా"గానే ఫైల్లో మిగిలిపోతుంది.

దీనివల్ల నష్టమేంటి అంటారా? న్యుమోనియాకి మామూలుగా ఇచ్చే అమోక్సిసిలిన్ లాంటి మందులు దీని మీద సరిగా పనిచేయవు. క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది. దాని గోడ నిర్మాణమూ వేరు. డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. ఖరీదు తక్కువ, దాదాపు ప్రతి మెడికల్ షాపులో దొరుకుతుంది. సరైన మందు టైముకి పడితే నూటికి ఒక్కరు కూడా చనిపోరు. యాంటీబయాటిక్స్ రాకముందు నూటికి 15-20 మంది పోయేవాళ్లు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం ఆ ఒక్క ప్రశ్న: "పక్షులున్నాయా?"

డాక్టర్‌కి ఆ ప్రశ్న తట్టాలంటే, ఈ ఊళ్లో పావురాల్లో ఫలానా క్రిమి తిరుగుతోందని ఎవరో చెప్పి ఉండాలి. చెప్పాలంటే ఎవరో చూసి ఉండాలి. నిఘా అంటే ఇంతే.

మన దగ్గర

మనకి పక్షుల జబ్బు అనగానే గుర్తొచ్చేది బర్డ్‌ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు చచ్చిపోయినప్పుడు చికెన్ ధర ఎలా పడిపోయిందో, ఆఫీసు లంచ్‌లో బిర్యానీ డబ్బాలు ఎలా మాయమయ్యాయో చూశాం కదా. బర్డ్‌ఫ్లూ వైరస్. దానికి భోపాల్‌లో ప్రత్యేక ల్యాబ్ ఉంది, శాంపిల్స్ వెళ్తాయి, జోన్లు ప్రకటిస్తారు. ఆ శ్రద్ధలో కొంత బ్యాక్టీరియా మీద కూడా పెట్టాలన్నది నా మాట. పక్షిని ఎలాగూ పట్టారు, స్వాబ్ ఎలాగూ తీశారు. అదే శాంపిల్‌తో ఇంకో రెండు పరీక్షలు చేయడానికి కొత్త వల అక్కర్లేదు.

మనకి ఈ పని కొత్త కూడా కాదు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర కోతులు చచ్చిపోతూ, మనుషులకి కొత్త జ్వరం వచ్చింది. అదే క్యాసనూర్ అడవి జబ్బు. అదీ వైరసే. రష్యాలోని ఒక జబ్బుతో పోలికలుండటంతో, వలస పక్షులు మోసుకొచ్చాయేమోనని అనుమానించారు. ఆ అనుమానం తేల్చడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో సలీం అలీ పెద్దఎత్తున పక్షులకి రింగులు వేయించారు. తర్వాత జబ్బు అంటించేది అడవిలోని పిడుదులని తేలింది. పక్షులు ముద్దాయిలు కావని తేల్చడం కూడా నిఘా చేసే మేలే. పైగా మన వలస పక్షులు ఎక్కణ్నుంచి వస్తున్నాయో మనకి తెలిసిందే ఆ రింగుల వల్ల.

ఇంకో కోణం హైదరాబాద్ వాళ్లకి బాగా దగ్గరిది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది. అది మురికినీళ్లా, మందు సీసానా అన్నట్టుంది ఆ లెక్క. అలాంటి నీళ్లలో మందులకి లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. నీటిపక్షులు, డంపింగ్ యార్డుల్లో తిండి వెతుక్కునే పక్షులు అక్కడ దిగి, తాగి, ఎగిరిపోతాయి. మందులకి లొంగని ఇ.కోలి బ్యాక్టీరియా చాలా దేశాల సముద్రపు కాకుల్లో, చివరికి మనుషులు అరుదుగా ఉండే ఆర్కిటిక్ పక్షుల్లోనూ దొరికింది. ఏ పక్షీ మెడికల్ షాపుకెళ్లి మాత్రలు కొనుక్కోలేదు. మన నుంచి వెళ్లినవే అవి. పక్షి రెట్ట పరీక్షిస్తే మన చెరువు రిపోర్ట్ కూడా వచ్చేస్తుంది.

మరి పావురాల్ని తరిమేద్దామా?

2025లో ముంబైలో ఇదే గొడవ. కబూతర్‌ఖానాలు మూసేయాలని కార్పొరేషన్, వద్దని భక్తులు, మధ్యలో హైకోర్టు. దాదర్‌లో టార్పాలిన్ కప్పేశారు, జనం చింపేశారు. అక్కడ డాక్టర్లు ఎక్కువగా మాట్లాడింది ఇంకో సమస్య గురించి. పావురాల ఈకల, రెట్టల దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులు గట్టిపడే అలర్జీ జబ్బు వస్తుంది. అది బ్యాక్టీరియా కాదు, యాంటీబయాటిక్‌తో పోదు. రెండూ వేరు, జాగ్రత్తలు మాత్రం దాదాపు ఒకటే.

నేను నాన్నకి చెప్పినవే మీకూ చెప్తా.

- ఎండిన రెట్టని పొడిగా ఊడవొద్దు. ముందు నీళ్లు చల్లి బాగా తడిపి, తర్వాత తడిగుడ్డతో తీసేయండి. మాస్క్, గ్లౌజులు వేసుకోండి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనకాల క్లీన్ చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.
- గింజలు వేయాలనుంటే కొంచెమే వేయండి. రోజూ గిన్నె కడగండి, నీళ్లు మార్చండి. గుంపులు పోగయ్యేలా బస్తాలు కుమ్మరించకండి.
- చనిపోయిన పక్షిని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. ఒకేచోట రెండు మూడు కనిపిస్తే ఫొటో, లొకేషన్ తీసి పశుసంవర్ధక శాఖకో, అటవీ శాఖకో చెప్పండి. రీల్ తర్వాత పెట్టుకోవచ్చు.
- జ్వరం, దగ్గుతో డాక్టర్ దగ్గరికెళ్తే, ఆయన అడక్కపోయినా "మా ఇంట్లో పావురాలున్నాయి", "చిలకని పెంచుతున్నాం", "కోళ్లఫారంలో పనిచేస్తాను" అని చెప్పండి. డాక్సీసైక్లిన్ పేరు ఇక్కడ చదివారని సొంతంగా కొని వేసుకోవద్దు. గర్భిణులకీ చిన్నపిల్లలకీ అది ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే చూడాలి.
- పక్షులంటే ఇష్టముంటే ఈబర్డ్ యాప్ వేసుకోండి. ఏటా ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, ఎవరైనా పాల్గొనొచ్చు. మామూలుగా ఎన్ని ఉంటాయో లెక్క ఉంటేనే, తగ్గినప్పుడు తెలుస్తుంది.

ఇవన్నీ ఫోన్లో చదివి వినిపిస్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాటికి తిండి మానేయమంటావా? రోజూ నాకోసం ఎదురుచూస్తాయిరా" అన్నారు. ఆ మాటకి నా దగ్గర డేటా లేదు. రిటైరయ్యాక ఆయనకోసం రోజూ ఎదురుచూసేవి అవే మరి. మేమిద్దరం పిల్లలం వేరే ఊళ్లలో ఉంటాం.

చివరికి ఒప్పందం కుదిరింది. జొన్నలు గుప్పెడే. పావురాలు పోయాక పైపుతో నీళ్లు కొట్టి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో కాకుండా తానే, మాస్క్ పెట్టుకుని కడుగుతారు. వాచ్‌మన్‌కి ఎందుకు చెప్పలేదంటే, "వాడికీ ఊపిరితిత్తులుంటాయి కదరా" అన్నారు. బ్యాంకు అలవాటు పోలేదు కాబట్టి పాత డైరీ ఒకటి తీసి రోజూ ఎన్ని వచ్చాయో రాస్తున్నారు. నిన్న ఫోన్ చేసి చెప్పారు.

"ఇవాళ నలభై రెండే వచ్చాయి. ఒకటి రెక్కలు ఉబ్బించుకుని మూల కూర్చుంది. ముట్టుకోలేదులే. ఎవరికి ఫోన్ చేయమంటావ్?"

ఊళ్లో పశువుల ఆస్పత్రి నంబర్ వెతికి పంపించా. మీ ఊరి నంబర్ కూడా ఒకసారి వెతికి సేవ్ చేసుకోండి.